రెండు నాబ్‌ల జర్మేనియం ఫజ్: ఏళ్ల తరబడి వాడాక

నా పెడల్‌బోర్డ్‌లో గిటార్ కేబుల్ ముందుగా వెళ్లేది ఒక జర్మేనియం ఫజ్‌లోకి, అంటే జర్మేనియం ట్రాన్సిస్టర్లతో గిటార్ స్వరాన్ని బర్రుమనిపించే పెడల్‌లోకి. 1966లో లండన్‌లోని ఆర్బిటర్ కంపెనీ తెచ్చిన ఫజ్ ఫేస్ సర్క్యూట్‌నే ఒక చిన్న తయారీదారు మళ్లీ కట్టిన పెడల్ ఇది. పైన రెండే నాబ్‌లు: వాల్యూమ్, ఫజ్. మూత తీస్తే లోపల రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు కనిపిస్తాయి. ఇంత కొద్ది సామానుతో అంత శబ్దం ఎలా వస్తుందా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. దీనితో పాటు సిలికాన్ ట్రాన్సిస్టర్ల ఫజ్ ఒకటి, బిగ్ మఫ్ అనే మరో ఫజ్ తరహాది ఒకటి కూడా చాలాకాలంగా వాడుతున్నాను కాబట్టి మూడింటినీ పక్కపక్కన పెట్టి చెప్పగలను.

ఈ పెడల్ అంటే నాకు చాలా ఇష్టం. అయినా ఎవరైనా అడిగితే వెంటనే కొనమని చెప్పను. ముందు మీ గిటార్ ఏది, యాంప్ ఏది, వాయించేటప్పుడు గిటార్ మీదున్న వాల్యూమ్ నాబ్‌ని ముట్టుకునే అలవాటు ఉందా అని అడుగుతాను. ఓవర్‌డ్రైవ్ పెడల్ చాలావరకు ఎక్కడ పెట్టినా తన పని తాను చేసుకుపోతుంది. ఈ ఫజ్ అలా కాదు. పికప్ (తీగల కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే భాగం), వాల్యూమ్ నాబ్, కేబుల్ అన్నీ దాని సర్క్యూట్‌లో భాగమైపోతాయి. అందుకే ఒకరి చేతిలో అద్భుతంగా పలికిన పెడల్ ఇంకొకరి గిటార్‌కి తగిలిస్తే తుమ్మెదల గుంపులా మోగుతుంది.

దాని శబ్దం ఎలా ఉంటుందో చెప్తాను. ఓవర్‌డ్రైవ్ సిగ్నల్ అంచుల్ని మెత్తగా నొక్కుతుంది. ఫజ్ వాటిని దాదాపు నరికేస్తుంది, నునుపైన తరంగం చదరపు ఆకారానికి దగ్గరగా వస్తుంది. తీగ మీటగానే స్వరం బర్రుమని నిండుగా లేస్తుంది, చాలాసేపు ఒకే మోతాదులో నిలబడుతుంది, చివర్లో ఒక్కసారిగా సన్నబడి ఆగిపోతుంది. ఆ చివరి భాగం ఎలా ఉందన్నదే నాకు మంచి ఫజ్‌కి గీటురాయి. నా జర్మేనియం పెడల్‌లో స్వరం మెత్తగా కరిగిపోతుంది. సిలికాన్‌లో అదే చోట కొంచెం గరుకుగా, చిటపటమంటూ తెగుతుంది. కొన్ని రకాల సంగీతానికి ఆ తెగడమే కావాలి, అది వేరే సంగతి.

అసలు మజా మాత్రం గిటార్ వాల్యూమ్ నాబ్‌లో ఉంది. పెడల్ మీద ఫజ్ నాబ్‌ని దాదాపు చివరిదాకా తిప్పి అక్కడే వదిలేస్తాను. సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న పికప్‌ల) గిటార్‌లో మెడ వైపు పికప్ పెట్టి, గిటార్ వాల్యూమ్ 10 మీద ఉంచి నాలుగో తీగ మీటితే గది నిండిపోతుంది. చిటికెన వేలితో నాబ్‌ని 8 దగ్గరికి లాగితే బర్రుమనడం తగ్గి, బాగా వేడెక్కిన ట్యూబ్ యాంప్ లాంటి ఓవర్‌డ్రైవ్ వస్తుంది, తీగ ఎంత గట్టిగా మీటానన్నది కూడా వినపడుతుంది. 6, 5 మధ్యలో చూడండి, మామూలుగా వాల్యూమ్ తగ్గిస్తే ట్రెబుల్ చచ్చిపోతుంది కదా, ఇక్కడ తిరగబడుతుంది. ఒక గాజులాంటి మెరుపుతో, పెడల్ ఆపితే కూడా రాని క్లీన్ శబ్దం వస్తుంది. ఆ క్లీన్ కోసమే పాట మొత్తం ఫజ్ ఆన్ చేసి ఉంచే రోజులున్నాయి. ఫజ్ ఫేస్ వాడిన ఎడమచేతివాటం గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ వాయిస్తున్న వీడియోలు చూసేటప్పుడు కాలి కన్నా నాబ్‌ల దగ్గరున్న ఎడమ చేతిని గమనించండి.

ఇది ఎందుకు ఇలా జరుగుతుందో తెలుసుకుంటే సగం సమస్యలు కొనకముందే తీరిపోతాయి. గిటార్ యాంప్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ (లోపలికొచ్చే సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం) సాధారణంగా 10 లక్షల ఓమ్‌లు ఉంటుంది. ఫజ్ ఫేస్‌ది కొన్ని వేల ఓమ్‌లే. అంటే పికప్ మీద గట్టి భారం పడుతుంది, పై ఫ్రీక్వెన్సీలు అణుగుతాయి, శబ్దం మెత్తబడుతుంది. వాల్యూమ్ నాబ్ కాస్త తగ్గించగానే పికప్‌కీ పెడల్‌కీ మధ్య రెసిస్టెన్స్ చేరి ఆ భారం తగ్గుతుంది, ట్రెబుల్ మళ్లీ బయటికి వస్తుంది. ఇప్పుడు మధ్యలో ఒక బఫర్ (సిగ్నల్ బలహీనపడకుండా చూసే చిన్న సర్క్యూట్) పెట్టారనుకోండి. ఆఫ్‌లో ఉన్నా సిగ్నల్‌ని బఫర్ గుండా పంపే ట్యూనర్ పెడల్ చాలు. ఫజ్‌కి ఇక పికప్ కనపడదు, బఫరే కనపడుతుంది. శబ్దం చెవిలో గుచ్చుకుంటుంది, వాల్యూమ్ నాబ్‌తో ఆ క్లీన్ రాదు. వైర్‌లెస్ రిసీవర్, బ్యాటరీతో నడిచే యాక్టివ్ పికప్‌లు, ఇవన్నీ అదే పని చేస్తాయి. అందుకే ట్యూనర్‌ని ఫజ్ తర్వాతకి మార్చాను. వైర్‌లెస్ మీద వాయించేవాళ్లకి ఈ రకం ఫజ్ నేను చెప్పను, వాళ్లకి బిగ్ మఫ్ తరహాది హాయి, దానికి ముందు ఏముందన్న పట్టింపు చాలా తక్కువ.

పాదంతో ఊపుతూ శబ్దాన్ని ‘వా వా’ అనిపించే వా పెడల్‌తో మాత్రం పేచీ ఉంది. పాతకాలం వా పెడల్‌ని ఫజ్‌కి ముందు పెడితే, వా కూడా ఆ తక్కువ ఇంపీడెన్స్‌ని తట్టుకోలేదు, స్వీప్ (పాదం కదిపినకొద్దీ శబ్దం మారే పరిధి) కుదించుకుపోతుంది, ఒక్కోసారి కీచుమని అరుస్తుంది. వా పెడల్‌ని ఫజ్ తర్వాత పెడితే స్వీప్ బాగా వస్తుంది కానీ శబ్దం సింథసైజర్ లాగా మారుతుంది. నాకు అదే నచ్చింది, అలాగే ఉంచేశాను. వా ముందే ఉండాలనుకునేవాళ్లు ఔట్‌పుట్ బఫర్ ఉన్న వా తీసుకోవాలి. దానికీ ఫజ్‌కీ మధ్య ఓ రెసిస్టర్ ఉండేలా చూసుకుంటే శబ్దం ఇంకా మెత్తగా ఉంటుంది.

ఇక వేడి సంగతి. జర్మేనియం ట్రాన్సిస్టర్లలో ఎప్పుడూ కొంత లీకేజీ కరెంట్ ఉంటుంది, ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీలు పెరిగితే అది రెట్టింపవుతుంది. దాంతో బయాస్, అంటే ట్రాన్సిస్టర్ పనిచేసే వోల్టేజీ స్థానం, పక్కకి జరుగుతుంది. ఏసీ గదిలో రిహార్సల్ చేసినప్పుడు తేనెలా పలికిన పెడల్, మధ్యాహ్నం ఎండ పడే స్టేజీ మీద సౌండ్‌చెక్‌లో సన్నగా, తడబడుతూ పలికింది. స్వరం సగంలోనే తెగిపోయేది. పెడల్ చెడలేదు, నీడలో పెట్టి చల్లబడనిచ్చాక మళ్లీ మామూలైంది. ఆ తర్వాత మూత తీసి లోపలున్న ట్రిమ్ పాట్‌ని (స్క్రూడ్రైవర్‌తో తిప్పే బుల్లి నాబ్‌ని) సరిచేసుకోవడం నేర్చుకున్నాను. రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ (దాని మూడు కాళ్లలో ఒకటి) దగ్గర మల్టీమీటర్ పెడితే సుమారు 4.5 వోల్టులు రావాలి, అంటే బ్యాటరీలో సగం. అక్కడి నుంచి చెవితో అటూ ఇటూ కొద్దిగా జరుపుకోవచ్చు. మీరు కొనబోయే జర్మేనియం పెడల్‌కి బయాస్ నాబ్ బయటే ఉంటే మంచిది, చిన్న స్క్రూడ్రైవర్ వెంట తిప్పుకోవాల్సిన అవసరం ఉండదు. ఎక్కువగా బయట, ఎండలో వాయించేవాళ్లైతే నిస్సందేహంగా సిలికాన్ తీసుకోండి. ఫజ్ ఫేస్‌లో కూడా కొంతకాలానికే జర్మేనియం పోయి బీసీ108 లాంటి సిలికాన్ ట్రాన్సిస్టర్లు వచ్చాయి. గెయిన్ (సిగ్నల్‌ని పెంచే శక్తి) ఎక్కువ, ట్రెబుల్ ఎక్కువ, వేడికి చలించవు.

బయాస్‌ని కావాలనే తప్పుగా పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. వోల్టేజీ తగ్గిస్తే స్వరం బట్ట చించుతున్నట్టు చిరుగుతుంది, చిన్న శబ్దాలు అసలు బయటికే రావు. ఫజ్ పుట్టుక కూడా అలాంటి చెడిపోయిన శబ్దంతోనే. అమెరికాలోని నాష్‌విల్‌లో ఒక రికార్డింగ్ జరుగుతుండగా కన్సోల్‌లో ట్రాన్స్‌ఫార్మర్ పాడై, బేస్ గిటార్ బర్రుమని వినిపించింది. ఇంజనీర్ గ్లెన్ స్నోడీ ఆ శబ్దాన్ని ట్రాన్సిస్టర్లతో తిరిగి పుట్టించే సర్క్యూట్ చేస్తే, గిబ్సన్ దాన్ని 1962లో మాస్ట్రో ఫజ్-టోన్ పేరుతో అమ్మకానికి పెట్టింది. అది నడిచింది రెండు 1.5 వోల్టుల బ్యాటరీల మీద. గిటార్‌తో ఊదే వాద్యాల శబ్దం తెప్పించవచ్చని అప్పట్లో ప్రచారం చేశారు. 1965లో రోలింగ్ స్టోన్స్ ‘శాటిస్‌ఫ్యాక్షన్’ వచ్చాకే జనం దానికోసం ఎగబడ్డారు.

కరెంట్ విషయంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. పాత జర్మేనియం పెడల్స్‌లో వాడేవి ఎక్కువగా పీఎన్‌పీ రకం ట్రాన్సిస్టర్లు, వాటికి పాజిటివ్ గ్రౌండ్, అంటే బ్యాటరీ పాజిటివ్ కొస గ్రౌండ్‌కి కలుస్తుంది. మిగతా పెడల్స్ దాదాపు అన్నీ నెగటివ్ గ్రౌండ్. రెండింటినీ ఒకే అడాప్టర్ నుంచి డైసీ చైన్ కేబుల్‌తో (పెడల్స్‌ని వరసగా కలిపేది) నడిపితే కేబుళ్ల గ్రౌండ్ ద్వారా సప్లై షార్ట్ అవుతుంది. ఒక్కో పెడల్‌కీ విడిగా కరెంట్ ఇచ్చే ఐసొలేటెడ్ సప్లై ఉంటే, పొలారిటీ తిప్పే కేబుల్‌తో నడపవచ్చు. నేను మాత్రం బ్యాటరీతోనే సరిపెట్టుకున్నాను. ఈ సర్క్యూట్ తాగేది ఒక మిల్లీ ఆంపియర్ చుట్టుపక్కలే, మంచి 9 వోల్టుల బ్యాటరీ నెలల తరబడి వస్తుంది. ఒక్కటే షరతు, వాయించడం అయిపోగానే ఇన్‌పుట్ జాక్ నుంచి కేబుల్ పీకెయ్యాలి, లేకపోతే పెడల్ ఆఫ్‌లో ఉన్నా బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది.

ఫజ్‌తో కార్డ్స్ వాయించడం గురించి. స-ప కలిపి మీటితే బ్రహ్మాండంగా ఉంటుంది. అందులో గాంధారం చేర్చి పూర్తి మేజర్ కార్డ్ కొడితే గందరగోళం. కారణం ఉంది. ఇంత డిస్టార్షన్‌లో రెండు స్వరాలు కలిస్తే వాటి కూడికలు, తీసివేతలు కొత్త స్వరాలుగా పుడతాయి. ఫ్రెట్ల మీద పంచమం సహజ స్థానానికి 2 సెంట్ల (సెంట్ అంటే అరస్వరంలో నూరో వంతు) తేడాలోనే ఉంటుంది కాబట్టి పుట్టే స్వరం దాదాపు కింది షడ్జమం, శబ్దం మరింత బరువెక్కుతుంది. గాంధారం మాత్రం సహజ స్థానం కన్నా సుమారు 14 సెంట్లు ఎక్కువ. ఆ తేడాతో పుట్టేవి ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి, చెవికి అది కంపనంలా, బురదలా తగులుతుంది. తీగని ఒక్క వెంట్రుకవాసి అటూ ఇటూ వంచుతూ రెండు తీగలు కలిపి మీటి చూడండి, ఎక్కడ శ్రుతి కలుస్తుందో ఫజ్ అద్దంలా చూపిస్తుంది. నా ట్యూనింగ్, బెండ్‌లు మెరుగుపడటానికి ఈ పెడల్‌ని మించిన గురువు నాకు దొరకలేదు. మేజర్ కార్డ్ తప్పనిసరి అయిన చోట గిటార్ వాల్యూమ్ 6కి దించేస్తాను.

బ్యాండ్‌తో వాయించేటప్పుడు కథ మారుతుంది. బిగ్ మఫ్‌ని ఎలక్ట్రో-హార్మోనిక్స్ 1969 ప్రాంతంలో తెచ్చింది. నాలుగు ట్రాన్సిస్టర్లు, రెండు చోట్ల డయోడ్‌లతో క్లిప్పింగ్, అంటే తరంగం అంచుల్ని నరకడం. సస్టెయిన్ అంతులేకుండా ఉంటుంది, ఒంటరిగా వింటే దాని ముందు నా జర్మేనియం ఫజ్ పేదగా అనిపిస్తుంది. కానీ దాని టోన్ సర్క్యూట్ 1 కిలోహెర్ట్జ్ చుట్టూ మిడ్‌రేంజ్‌ని (మధ్య ఫ్రీక్వెన్సీలని) లోతుగా తవ్వేస్తుంది. డ్రమ్స్, బేస్, గాత్రం మొదలవ్వగానే గిటార్ ఆ గుంటలో మాయమవుతుంది. ఇంట్లో పర్వతంలా ఉన్న శబ్దం స్టేజీ మీద వెతికినా దొరకదు. దానికి మందు యాంప్ మీద మిడ్ పెంచడం, లేదా మఫ్ తర్వాత ట్యూబ్ స్క్రీమర్ లాంటి ఓవర్‌డ్రైవ్‌ని తక్కువ గెయిన్‌తో పెట్టడం. అది 720 హెర్ట్జ్ దగ్గర మిడ్ ఎత్తుతుంది కాబట్టి గుంట పూడుతుంది. ఫజ్ ఫేస్ తరహా పెడల్‌కి ఈ బాధ లేదు, మిడ్ ఉంటుంది, గిటార్ వినపడుతుంది. అయితే పూర్తి క్లీన్ యాంప్‌లోకి నేరుగా పంపితే గరుకుగా ఉంటుంది. యాంప్ శబ్దం అప్పటికే కొద్దిగా పగిలే స్థాయిలో ఉండాలి, అప్పుడే మెత్తబడుతుంది. యాంప్‌ని అంత పెంచే వీలు లేనివాళ్లు ఫజ్ తర్వాత తేలికపాటి ఓవర్‌డ్రైవ్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచితే చాలావరకు అదే ఫలితం వస్తుంది.

హమ్మింగ్ ఉంటుంది, సింగిల్ కాయిల్‌తో మరీనూ. పాటకీ పాటకీ మధ్య గిటార్ వాల్యూమ్ సున్నా చేయడం అలవాటైపోయింది. మన్నిక విషయానికొస్తే, ఇన్నేళ్లలో ఫుట్‌స్విచ్ ఒకసారి మార్పించాను, వాల్యూమ్ పాట్ గరగరమంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టాను. మిగతాదంతా వచ్చినప్పుడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది.

కొనేముందు మీ సొంత గిటార్ పట్టుకెళ్లి, అదే కేబుల్‌తో, మధ్యలో ఇంకే పెడల్ లేకుండా వాయించి చూడండి. ఫజ్ పూర్తిగా పెంచి, గిటార్ వాల్యూమ్‌ని 10 నుంచి 4 దాకా నెమ్మదిగా దించండి. దారిలో శబ్దం మెట్టుమెట్టుగా మారాలి, ఒక్కసారిగా చచ్చిపోతే ఆ పెడల్ వదిలేయండి. అలాగే ట్రాన్సిస్టర్ మీద పేరు చూసి మోసపోవద్దు. మొదటి ఫజ్ ఫేస్‌లలో వాడారని ఎన్‌కేటీ275 పేరు చెప్పి ధర పెంచుతారు. కానీ జర్మేనియంలో ఒకే నంబర్ ఉన్న రెండు ముక్కలకే పొంతన ఉండదు. గెయిన్, లీకేజీ కొలిచి, ఏది మొదటి స్థానంలో, ఏది రెండో స్థానంలో పెట్టాలో చూసి జతకట్టినవే బాగా పలుకుతాయి. ఆ కొలతలు రాసి ఇచ్చే తయారీదారు దొరికితే, ట్రాన్సిస్టర్ మీద ఏ పేరున్నా నిశ్చింతగా తీసుకోండి.