గువ్వలచెరువు ఘాట్‌లో వెనక్కి జారని బండి: చిన్న ఎస్‌యూవీ మూడేళ్ల వాడకం

కడపలో చిన్న ఎస్‌యూవీ కొనాలనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది మైలేజీ, ఆ తర్వాత ఏసీ, ఆ తర్వాత సన్‌రూఫ్. హిల్ హోల్డ్, అంటే ఎక్కుడులో ఆగిన బండి వెనక్కి జారకుండా కాసేపు బ్రేకు పట్టి ఉంచే ఏర్పాటు, ఉందా అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. మూడేళ్లు దాటి వాడాక ఈ బండి గురించి నేను ముందుగా చెప్పేది మాత్రం దాని గురించే. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1.2 లీటర్ పెట్రోల్, టర్బో (ఇంజనులోకి గాలిని ఎక్కువగా తోసి బలం పెంచేది) లేదు, ఐదు గేర్ల మాన్యువల్. పేరు రాయను, రాస్తే మాట కంపెనీల గొడవలోకి పోతుంది. పైగా ఈ ఇంజను సైజులో, ఈ ధరలో దొరికే బండ్లు చాలావరకు నేను చెప్పబోయే విషయంలో ఒకలాగే ఉంటాయి.

నా తిరుగుడు ఎలాంటిదో చెబితేగాని మిగతాది అర్థం కాదు. ఇల్లు కడపలో, పని మీద వారంలో రెండు మూడు సార్లు రాయచోటికి పోవాలి, మధ్యలో గువ్వలచెరువు ఘాట్. కర్నూలు నుంచి నంద్యాల, మైదుకూరు, కడప మీదుగా చిత్తూరు వైపు పోయే 40వ నంబరు జాతీయ రహదారి ఇదే, కాబట్టి లారీలు రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటాయి. ముందు లోడు లారీ మొదటి గేరులో మూలుగుతూ ఎక్కుతుంటే వెనక మనం ఆగాలి, కదలాలి, మళ్లీ ఆగాలి. పాత హ్యాచ్‌బ్యాక్‌లో ఆగిన ప్రతిసారీ కాలు బ్రేకు మీద నుంచి యాక్సిలరేటర్ మీదకు పోయేలోపల బండి ఇంత వెనక్కి జారేది. హ్యాండ్ బ్రేకు లాగి, క్లచ్ సగం వదిలి, ఇంజను గుంజుతున్నట్టు అనిపించగానే హ్యాండ్ బ్రేకు దించి ఎక్కించొచ్చు, డ్రైవింగ్ నేర్చుకున్న అందరం అలాగే చేశాం. కానీ వెనక బస్సు ముఖం అద్దం నిండా కనబడుతుంటే ఆ టెన్షన్ వేరు.

కొత్త బండిలో హిల్ హోల్డ్ ఉందని కాగితం మీద చదివాను గానీ దాని విలువ తెలిసింది పోయిన వేసవిలో. రాయచోటిలో అక్కావాళ్ల ఇంట్లో గృహప్రవేశం. బండిలో నేను, నాయన, అమ్మ, మా ఆవిడ, పిల్లోడు, డిక్కీ నిండా సామాన్లు. మే నెల మధ్యాహ్నం, కడప ఎండ గురించి ఏం చెప్పను, స్టీరింగ్ మీద చెయ్యి పెట్టలేం. ఘాట్ సగం ఎక్కాక ఒక మలుపులో లోడు లారీ యాక్సిల్ విరిగి రోడ్డుకు అడ్డంగా నిలబడిపోయింది. ఒక పక్కన మాత్రమే దారి, దిగేవాళ్లను కాసేపు, ఎక్కేవాళ్లను కాసేపు వదులుతున్నారు. మా లైను పది అడుగులు కదిలితే ఐదు నిమిషాలు ఆగుతోంది, అదీ నిటారు ఎక్కుడులో. ముందు గ్రానైట్ లోడు, వెనక ఆర్టీసీ బస్సు, రెండింటి మధ్య మేము.

నాయన ముప్పై ఏళ్లు జీపు నడిపిన మనిషి. ముందు సీట్లో కూర్చుని ప్రతిసారీ "యెనక్కి పోతాందేమో సూడు నాయనా" అంటూ డోరు పట్టుకుని తిరిగి చూస్తున్నాడు. బండి ఒక్కసారి కూడా జారలేదు. బ్రేకు మీద కాలు తీస్తాను, బండి అట్లే నిలబడి ఉంటుంది, నిదానంగా క్లచ్ వదులుతూ యాక్సిలరేటర్ ఇస్తే ముందుకే కదులుతుంది. కొంతసేపు గమనించి, "బ్రేకు యెవురు పట్టుకోనుండారు రా?" అని అడిగాడు. చెప్పాను: కాలు తీసిన తర్వాత కూడా చక్రాల దగ్గర బ్రేకు ఒత్తిడి ఒకటి రెండు సెకన్ల పాటు వదలకుండా ఈఎస్‌పీ యూనిటే (బండి అదుపు తప్పకుండా బ్రేకుల్ని సర్దే ఎలక్ట్రానిక్ యూనిట్) పట్టి ఉంచుతుంది, బండి వాలులో ఉందని సెన్సర్ చెబితేనే పని చేస్తుంది, చదును రోడ్డు మీద దాని జోలికే పోదు. ఆయన ఇంకేం మాట్లాడలేదు, డోరు మీద నుంచి చెయ్యి తీసేశాడు. నాకు ఆ చెయ్యి తీయడమే చాలు.

ఆ రోజు నుంచి కనబడిన ప్రతివాడికీ, ఏ మోడల్ కొన్నా హిల్ హోల్డ్ ఉన్న వేరియంటే తీసుకో, సన్‌రూఫ్ లేకపోయినా పరవాలేదు అని చెబుతూ వచ్చాను. ఇప్పుడూ అదే చెబుతాను. కాకపోతే ఒకటి రెండు మాటలు కలిపి చెబుతాను.

అదే ఘాట్‌లో పైకి చేరేసరికి బండిలోకి కాలిన వాసన వచ్చింది. క్లచ్ వాసన. పైన పాలకోవా అంగళ్ల దగ్గర పక్కకు ఆపి ఒక అరగంట చల్లారనిచ్చాం, తర్వాత రాయచోటి దాకా ఏ ఇబ్బందీ రాలేదు. కానీ కొన్ని నెలలకు నాలుగో గేరులో గట్టిగా తొక్కితే ఇంజను మోత పెరుగుతుంది గానీ బండి వేగం అందుకోవడం లేదు. మెకానిక్ చూసి, "ప్లేట్లు అయిపోయినాయన్నా, ఘాట్ బండ్లకు ఇది మామూలే" అన్నాడు. అప్పటికి యాభై వేల కిలోమీటర్లు కూడా కాలేదు. క్లచ్ అరుగుదల వారంటీలోకి రాదన్నారు, కూలీతో కలిపి పన్నెండు వేల దాకా అయింది.

ఇందులో హిల్ హోల్డ్ తప్పు లేదు. అది బండిని జారనివ్వదు, అంతవరకే. నిలబడిన బండిని ఎక్కుడులో కదిలించే బరువంతా క్లచ్ మీదే పడుతుంది. టర్బో లేని ఈ 1.2 ఇంజన్లు ఇచ్చే టార్క్, అంటే చక్రాలను తిప్పే బలం, 110 నుంచి 115 న్యూటన్ మీటర్ల దగ్గర, అదీ నాలుగు వేల ఆర్‌పీఎమ్ (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దగ్గరికి పోతేనే పూర్తిగా దొరుకుతుంది. ఐదుగురు, సామాను, ఏసీ కలిస్తే ఇంజన్ను పెంచి క్లచ్‌ను నిదానంగా వదలక తప్పదు, ప్లేటు వేడెక్కక తప్పదు. ఇప్పుడు నేను ముందు లారీ కదిలినట్టు అనిపించగానే కదలను, అది ఇరవై ముప్పై అడుగులు పోయాకే ఒకేసారి కదిలి క్లచ్ పూర్తిగా వదిలేస్తాను. ఎక్కుడులో కదిలేముందు ఏసీ ఆపుతాను, అమ్మ గొణిగినా సరే. ఇంకొకటి, బ్రేకు వదిలాక ముందు బండి కదలకపోతే ఆ రెండు సెకన్లు అయిపోతాయి, బండి మెల్లగా జారుతుంది. ఎక్కువసేపు ఆగాలంటే హ్యాండ్ బ్రేకే దిక్కు.

దిగేటప్పుడు హిల్ హోల్డ్‌తో ఏ ఉపయోగమూ లేదు. అది ఉంది కదా అని న్యూట్రల్‌లో దిగేవాళ్లను చూశాను, దయచేసి ఆ పని చేయకండి. రెండో గేరు, అవసరమైతేనే బ్రేకు. ఈ ఘాట్‌లో బ్రేకులు ఫెయిలైన లారీల సంగతి మనందరికీ తెలిసిందే.

ఊళ్లో మాత్రం ఇది రోజూ పనికొస్తుంది. మా వీధిలో మురుగుకాలువ మీద కట్టిన ర్యాంపు బాగా నిటారు, బండిని రివర్స్‌లో ఇంట్లోకి ఎక్కించాలి. రివర్స్ గేరులో కూడా ఇది పట్టి ఉంచుతుందని చాలామందికి తెలియదు. ఇంతకుముందు కారు తీయడానికి భయపడే మా ఆవిడ ఇప్పుడు తనే లోపల పెడుతుంది.

మిగతావి మామూలే. ఊళ్లో లీటరుకు పన్నెండు పదమూడు, హైవే మీద పదిహేడు. నాయన మోకాళ్లకు సీటు ఎత్తు బాగా సరిపోయింది, వంగాల్సిన పని లేదు. వెనక సీట్లో ముగ్గురు పెద్దవాళ్లకు ఇరుకే.

మళ్లీ కొంటానా అంటే, మాలాగా ఎక్కువసార్లు ఒకరిద్దరే తిరిగే ఇంటికైతే ఇదే కొంటాను. వారం వారం నిండు బండితో ఘాట్ ఎక్కేవాళ్లు టర్బో కూడా ఒకసారి నడిపి చూడండి. మేము కొన్నప్పుడు ఈ సైజు పెట్రోల్ బండికి 28 శాతం జీఎస్‌టీ, దాని పైన 1 శాతం సెస్సు ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 18 శాతానికి దిగింది, ఆ తేడా అటు పెట్టుకోవచ్చు. ఏది చూసినా టెస్ట్ డ్రైవ్‌ను షోరూమ్ ముందున్న చదును రోడ్డు మీద ముగించకండి. ఇంట్లోవాళ్లందరినీ ఎక్కించుకుని, ఏసీ వేసి, ఏదైనా ఫ్లైఓవర్ ఎక్కుడు మధ్యలో ఆపి కదిలించి చూడండి.