స్కూలు బాస్కెట్‌బాల్ ఫొటోలకు ఒంటికాలి స్టాండు: మూడు నెలలు వాడాక

మా అమ్మాయి తొమ్మిదో తరగతి, స్కూలు బాస్కెట్‌బాల్ జట్టులో ఆడుతుంది. జట్టు ఫొటోలు తీసే పని రెండేళ్లుగా నాది. పిల్ల గాలిలో, బంతి రింగు అంచున, అన్నీ కుదిరేవి. వెనక బోర్డు మాత్రం ఒరిగిపోయేది. కంప్యూటర్‌లో మూడు డిగ్రీలు తిప్పి సరిచేస్తే అంచులు కత్తిరించాలి, ఫొటోలో దాదాపు ఏడో వంతు పోతుంది. ఒకసారి ఆ పోయిన భాగంలో మా అమ్మాయి చేతివేళ్లు ఉన్నాయి. మోనోపాడ్ అనే ఈ ఒంటికాలి స్టాండు కొనడానికి అదే కారణం.

తిరుపతి గాంధీ రోడ్డులో 1,900 రూపాయలకు తీసుకున్నాను. అల్యూమినియంది, బరువు లేదు, రబ్బరు పాదం సిమెంటు కోర్టు మీద జారదు. షట్టర్ బటన్ కెమెరాకు కుడివైపు ఉంటుంది. ఆత్రంగా నొక్కితే ఆ పక్క కిందికి దిగుతుంది. బరువు కర్ర మోస్తే చెయ్యి నింపాదిగా నొక్కుతుంది. నా ఫొటోల్లో సగం వంకర దీనితోనే పోయింది.

దుకాణంలో గొప్పగా చూపించిన రసమట్టం బుడగ మాత్రం ఆట మొదలయ్యాక పనికిరాదు. కన్ను వ్యూఫైండర్‌లో ఉంటే బుడగను ఎవరు చూస్తారు? నేను వ్యూఫైండర్‌లో గ్రిడ్ గీతలు పెట్టుకుని, బోర్డు నిలువు అంచును మధ్య గీతకు దగ్గరగా ఉంచి సరిచూసుకుంటాను. మధ్యలోనే చూడాలి. రింగు 3.05 మీటర్ల ఎత్తున ఉంటుంది కనుక కెమెరాను పైకి ఎత్తక తప్పదు; ఎత్తితే, కెమెరా ఎంత మట్టంగా ఉన్నా, ఫొటో అంచుల్లోని స్తంభాలు లోపలికి వాలినట్టు పడతాయి. కోర్టు గీతలనూ నమ్మవద్దు. మూల నుంచి చూస్తే అవి ఏటవాలుగానే కనిపిస్తాయి, పైగా ఆరుబయట కోర్టుకు వాననీరు పోవడానికి కొద్దిగా వాలు ఇస్తారు.

మన ఊళ్లో ఇంకొక చిక్కు ఉంది. ఉత్తరం వైపు తిరిగి తీస్తే వెనక శేషాచలం కొండలు వస్తాయి. ఆ కొండవాలును కన్ను తనకు తెలియకుండానే మట్టంగా తీసుకుంటుంది, చెయ్యి కెమెరాను దానికి తగ్గట్టు తిప్పేస్తుంది. ఎంత అందంగా ఉన్నా ఆట నడుస్తున్నంతసేపూ కొండను చూడకుండా బోర్డునే చూడడం నేర్చుకోవడానికి నాకు నెల పట్టింది.

లోపాలు ఉన్నాయి. రెండో నెలకే కింది అంచె బిగింపు వదులై, ఆట మధ్యలో కర్ర మెల్లగా కుంగుతోంది. నిలువు ఫొటోలకు కెమెరా తిప్పాలంటే పైన తిరిగే తల విడిగా కొనాలి. రింగు కింద దీన్ని అసలు వాడకండి. పరుగున వచ్చే పిల్లలకు లోహపు కర్ర ప్రమాదం. నేను బేస్‌లైన్ (రింగు వెనక ఉండే కోర్టు చివరి గీత) మూలకు బాగా వెనక్కి జరిగి కూర్చుంటాను. రెండో సగంలో జట్లు వైపులు మారతాయి కనుక మా పిల్లలు బంతి వేసే రింగు అటు చివరకు దూరమవుతుంది, ఆ ఫొటోలు వదులుకున్నా పరవాలేదు.

బిగింపు గట్టిగా ఉండే రకం దొరికితే మరో అయిదు వందలు ఎక్కువైనా అదే కొనండి.