గ్రీజు క్రాసు, సీల్డ్ క్రాసు: మా లారీ కింద నాలుగేళ్లు

మాది నాయుడుపేట దగ్గర పల్లె. బండి ఉండేది మాత్రం చెన్నై మాధవరంలో. 18.5 టన్నుల ఆరు చక్రాల లారీ, 2022 మొదట్లో సెకండ్ హ్యాండులో కొన్నాను. మణలిలో లోడెత్తి గుమ్మిడిపూండి, తడ, గూడూరు మీదుగా ఒంగోలు, విజయవాడ తిరుగుతుంటాం. నా చేతి కింద 3 లక్షల కిలోమీటర్లు దాటింది. ఈలోగా ప్రొపెల్లర్ షాఫ్టుకి (గేర్‌బాక్సు తిప్పుడుని వెనక ఇరుసుకి చేర్చే పొడవాటి గొట్టం) రెండు రకాల క్రాసులూ (షాఫ్టు చివర్లు వంగి తిరగనిచ్చే ప్లస్ ఆకారపు జాయింట్లు) వేశాను: గ్రీజు నిప్పిల్ (బయటి నుంచి గ్రీజు ఎక్కించే చిన్న మూతి) ఉన్నవి, తయారీలోనే గ్రీజు నింపి మూసేసిన సీల్డువి. ఏడాదిన్నరకే రాసి ఉంటే తప్పు రాసేవాణ్ణి. అప్పటికి గ్రీజు క్రాసులు మూడుసార్లు పోయాయి, వాటినే తిట్టుకుంటూ తిరిగాను.

బండి కొన్న కొత్తల్లో వెనక కమాను (ఇరుసు మీద బరువు మోసే పట్టీల స్ప్రింగు) సెంటర్ బోల్టు తెగింది. దారిలో ఒక షాపులో రెండు వైపులా కమాన్లు దింపి, విరిగిన పట్టీలు మార్చి బిగించారు. ఆ వారం నుంచే 50 దాటితే సీటు కింద రేకు జివ్వుమనేది. ఖాళీగా వస్తుంటే ఇంకా ఎక్కువ. డ్యాష్‌బోర్డు మీద నీళ్ల సీసా పెడితే నీటి మీద సన్నటి ముడతలు లేచేవి, 65 దాటాక అణిగేవి. కమాన్ల పనికీ ఈ వణుకుకీ లంకె ఉంటుందని ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

మొదట టైర్లన్నారు. టైర్లు మార్చి మార్చి వేసినా తగ్గలేదు. నిజానికి టైరు ఊపునీ షాఫ్టు వణుకునీ కూర్చున్న చోటే విడదీయొచ్చు. మా బండి టైరు ఒక చుట్టు తిరిగితే సుమారు 3.25 మీటర్లు పోతుంది. అంటే 60 వేగంలో సెకనుకు 5 చుట్లు. హౌసింగ్ (వెనక ఇరుసు మధ్య పళ్ల చక్రాలుండే పెట్టె) రేషియో ఐదున్నర దాకా ఉంది, అంటే చక్రం ఒక చుట్టుకి షాఫ్టు ఐదున్నర చుట్లు, కాబట్టి అదే వేగంలో షాఫ్టు 28 చుట్లు తిరుగుతుంది. టైరుదైతే ధన్ ధన్ అని దాదాపు లెక్కపెట్టగలిగే ఊపు, షాఫ్టుదైతే తుమ్మెద రొద. ఇంజనుదా కాదా తేల్చడం ఇంకా తేలిక. 55లో పోతూ ఒక గేరు దించి చూశాను, వణుకు అదే వేగంలో అలాగే ఉంది. క్లచ్ తొక్కి ఇంజను చప్పుడు దిగిపోనిచ్చినా ఉంది. అంటే గేర్‌బాక్సుకి వెనకాలే ఏదో ఉంది.

ఇంతవరకూ బాగానే పట్టుకున్నాం. ఆ తర్వాత దారి తప్పాం. క్రాసులు మార్చాం. షాఫ్టుని మధ్యలో మోసే సెంటర్ బేరింగు రబ్బరు చీలిందని అదీ మార్చాం. షాఫ్టుని లేత్ షాపుకి తీసుకెళ్లి బ్యాలెన్స్ చేయించాం. తిరిగి బిగించేటప్పుడు స్ప్లైను (షాఫ్టు ముక్కలు ఒకదాన్లో ఒకటి జారే గాడుల చోటు) మీద రెండు బాణం గుర్తులూ ఎదురెదురుగా వచ్చేలా చూశాం. అవి తప్పితే రెండు చివర్లా క్రాసుని పట్టే యోకులు ఒక వరసలో ఉండవు, వణుకు కొత్తగా పుడుతుంది. ఇన్ని చేసినా 50 దాటగానే మళ్లీ జివ్వు. నాలుగైదు నెలలు తిరక్కుండానే వెనక క్రాసు నాలుగు కాడలకీ ఉండే కప్పుల చుట్టూ ఇటుకపొడి లాంటి ఎర్రటి తుప్పు.

చివరికి రెడ్‌హిల్స్‌లో ఒక పెద్ద మేస్త్రి దగ్గరికి వెళ్లాను. ఆయనదీ నెల్లూరు వైపే. "అబ్బయా, క్రాసుని తిట్టబాక. అది అరుస్తా ఉంది, కొట్టేది ఇంకెవురో" అన్నాడు. బండిని చదును నేల మీద ఆపి, చక్రాలకి రాళ్లు పెట్టించి, హ్యాండ్ బ్రేకు వదిలించి, న్యూట్రల్‌లో పెట్టించాడు. అయస్కాంతంతో అతుక్కునే కోణం మీటరు ఒకటి తీసి గేర్‌బాక్సు ఫ్లాంజికి (షాఫ్టుని బిగించే బిళ్ల) అంటించాడు: కిందికి 4 డిగ్రీల వాలు. వెనక హౌసింగ్‌లో షాఫ్టు తిప్పే చిన్న పళ్ల చక్రం, అంటే పినియన్, దాని ఫ్లాంజికి పెట్టాడు: 8 చూపించింది. ఈ రెండూ ఒక డిగ్రీ లోపు తేడాతో సమాంతరంగా ఉండాలట. ఉంటే ముందు క్రాసు పుట్టించే వేగం హెచ్చుతగ్గుల్ని వెనక క్రాసు చెరిపేస్తుంది. లేకపోతే ప్రతి చుట్టుకీ రెండుసార్లు కుదుపు, ఆ దెబ్బంతా క్రాసు కప్పుల్లో ఉండే సూది బేరింగుల మీదే.

తర్వాత హౌసింగ్ కిందకి దూరి, ఇరుసుకీ కమానుకీ మధ్య ఉండే ఏటవాలు ప్లేటు మీద వేలు పెట్టి "చూడు" అన్నాడు. మా బండికి ఆ ప్లేటు లావు వైపు ముందుకి ఉండాలి, వెనక్కి ఉంది. రెండు వైపులా అంతే. 2 డిగ్రీల ప్లేటు తిరగబడితే తేడా 4 డిగ్రీలు, మీటరు చెప్పిందీ సరిగ్గా అదే. కమాన్లు దింపిన ఆ దారి షాపులో తిప్పి బిగించారు, పక్కనే నిలబడ్డ నేనూ చూసుకోలేదు. ప్లేట్లు తిప్పి, కమానుని ఇరుసుకి పట్టే యు బోల్టులు కొత్తవి వేసి, వెయ్యి కిలోమీటర్లు నడిచాక మళ్లీ బిగించాం. మాధవరం నుంచి తడ దాకా సీసాలో నీళ్లు కదల్లేదు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయంటే నమ్మండి.

కాబట్టి క్రాసుల మీద నా మాట ఆ రోజు నుంచి మొదలవుతుంది. వెనక జాయింటుకి గ్రీజు నిప్పిల్‌ది, ముందు జాయింటుకి సీల్డుది వేశాం. 2023 డిసెంబరు మిచౌంగ్ తుఫానులో బండి మణలిలో రెండు రోజులు హబ్బుల దాకా నీళ్లలో నిలబడింది. నీళ్లు తీశాక గ్రీజు గన్ను పట్టుకుని వెనక క్రాసుకి కొడితే ముందు పాలలా తెల్లబడిన గ్రీజు, తర్వాత నల్లది, చివరికి నాలుగు కప్పుల్లోంచీ కొత్తది వచ్చింది. ఆ క్రాసు ఇంకా బండి కిందే ఉంది, కోణం సరిగ్గా ఉంటే అది ఎంత ఓపికైనదో ఇప్పుడు తెలుస్తోంది. సీల్డు క్రాసుకి ఆ అవకాశం లేదు. నాలుగు నెలలకి గేరు వేయగానే టక్కుమని కొట్టింది. విప్పితే కాడల మీద సూదులు నొక్కిన గీతలు గోటికి తగిలాయి. ఎండ ఊళ్లలో, గ్రీజు కొట్టే తీరిక లేని బండికి సీల్డుది మంచిదే కావచ్చు. వానకి రోడ్డే కాలువయ్యే మణలిలో తిరిగే నాకు మాత్రం నిప్పిల్ ఉన్నదే కావాలి. 5 వేల కిలోమీటర్లకోసారి లిథియం ఈపీ 2 నంబరు గ్రీజు కొడతాను. నాలుగిట్లో ఒక్క కప్పు నుంచి రాకపోయినా షాఫ్టుని అటూ ఇటూ కదిపి మళ్లీ కొడతాను, అప్పటికీ రాకపోతే విప్పించేస్తాను.

ఆ ఏడాదిన్నర వణుకు వదిలిపెట్టిన గాయం ఒకటి మిగిలింది. పినియన్ ఫ్లాంజిని పట్టుకుని పైకీ కిందకీ ఊపితే కొద్దిగా కదిలింది. అది బేరింగు అరుగుదల, పళ్ల మధ్య ఉండాల్సిన సందు కాదు. ఆయిలు సీలూ చెమర్చింది. బేరింగులూ సీలూ మార్చాం, కారడం ఆగింది. కానీ 60లో యాక్సిలరేటర్ వదిలితే హౌసింగ్ సన్నగా ఊళ పెడుతోంది. క్రౌను (పినియన్ తిప్పే పెద్ద పళ్ల చక్రం) పళ్లే అయ్యుండాలి. సంక్రాంతి లోడ్లు అయిపోగానే మేస్త్రి చేత మూత విప్పించి చూస్తాను.