గీసిందే పేజీలోకి: వెబ్ పటాల పనికి ఇంక్‌స్కేప్

బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌ను ఎవరైనా మెచ్చుకుంటే ముందు వచ్చే మాట ‘ఉచితం’. ఆ మెప్పు నాకు నచ్చదు. ఉచితంగా దొరికినంత మాత్రాన పనికిరాని సాఫ్ట్‌వేర్‌ను ఎవరు వాడతారు? నేను డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లో ఉండగానే వెబ్ పనికి దీన్ని తెరుస్తాను. కారణం ఒక్కటే. మిగిలినవాటిలో గీసేది ఒక రూపంలో, పేజీకి పంపేది మరో రూపంలో. ఇందులో భద్రం చేసుకునే ఫైలు, బ్రౌజరు చదివే ఫైలు రెండూ ఎస్‌వీజీయే, అంటే గీతలను కోడ్‌గా రాసుకునే బొమ్మల ఫైలే. గీత గీసి భద్రం చేసిన మరుక్షణం ఆ ఫైలును బ్రౌజరులోకి లాగి పడేస్తే అక్కడ కనిపిస్తుంది.

డీటీపీ సెంటరులో శుభలేఖలు, ఫ్లెక్సీలు చేస్తూ ఈ రంగంలోకి వచ్చినవాణ్ని. అక్కడ గీతలకు, అక్షరాలకు వాడే కోరల్‌డ్రా చేతి అలవాటు. అందుకని ఈ సమీక్ష బొమ్మలు వేసే కళాకారుల కోసం కాదు. వెబ్ పేజీలో నొక్కితే పలికే పటమో, సీట్ల అమరికో, భవనం ప్లానో తయారుచేయాల్సి వచ్చినవాళ్ల కోసం.

కొంచెం వెనక్కి వెళ్తే, ఎస్‌వీజీని వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ప్రమాణంగా ప్రకటించింది 2001 సెప్టెంబరులో. సోడిపోడి అనే సాఫ్ట్‌వేర్ నుంచి చీలి ఇంక్‌స్కేప్ మొదలైంది 2003లో. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు తొమ్మిదో వెర్షన్‌తో, అంటే 2011లో గానీ ఎస్‌వీజీని చూపించలేదు. అప్పటిదాకా నొక్కే పటం అంటే ఎక్కువగా ఫ్లాషే, బ్రౌజరుకు అదనంగా తగిలించుకునే సాఫ్ట్‌వేర్. 2020 చివర ఫ్లాష్‌కు మద్దతు నిలిచిపోయింది. ఇంక్‌స్కేప్ 1.0 వచ్చింది అదే ఏడాది మే నెలలో. ఇప్పుడు 1.4 వరుస నడుస్తోంది. కొత్తగా దించుకునేవాళ్లు అంతకంటే పాతది తీసుకోకండి.

ఇక పని సంగతి. చేనేత చీరలు అమ్మే ఒక దుకాణం వాళ్లకు తెలంగాణ పటం కావాలి. 33 జిల్లాలు. గద్వాల మీద నొక్కితే గద్వాల చీరలు, భువనగిరి మీద నొక్కితే పోచంపల్లి ఇక్కత్, నారాయణపేట మీద నొక్కితే ఆ చీరలు, సిద్దిపేట మీద నొక్కితే గొల్లభామ చీరలు రావాలి. ఫోనులోనూ పనిచేయాలి.

మొదటి పరీక్ష సరిహద్దుల దగ్గరే ఎదురవుతుంది. అడుగున ఒక పటం ఫొటో పెట్టి, ఆ లేయరుకు, అంటే ఆ పొరకు, తాళం వేసి, పైన పెన్నుతో గీయడం అందరూ చేసేదే. గద్వాల, వనపర్తి జిల్లాల మధ్య కృష్ణా నది పారుతుంది. ఆ వంకరను గద్వాల కోసం ఒకసారి, వనపర్తి కోసం మరోసారి గీస్తే రెండూ ఎన్నడూ కలవవు. మధ్యలో సన్నని తెల్లగీత మిగులుతుంది. పెద్దది చేసి చూస్తే అది పగులులా కనిపిస్తుంది. దీనికి మార్గం ఉంది. గద్వాలను శ్రద్ధగా గీయండి. వనపర్తిని గద్వాల మీదికి వచ్చేలా ఆ వైపు నిర్లక్ష్యంగా గీయండి. తరువాత గద్వాలకు కంట్రోల్-డీతో నకలు తీసి, నకలునూ వనపర్తినీ కలిపి ఎంచుకుని, పాత్ మెనూలో డిఫరెన్స్ నొక్కండి. పైనున్న నకలు ఎంత మేర కప్పిందో అంత మేర వనపర్తి నుంచి తెగిపోతుంది. సరిహద్దు ఇద్దరికీ ఒకటే అవుతుంది. ఈ కోతలు ఇంక్‌స్కేప్‌లో చాలా కచ్చితంగా వస్తాయి. 1.3తో వచ్చిన షేప్ బిల్డర్ పనిముట్టు ఇలాంటి పనిని ఇంకా తేలిక చేసింది గానీ, పాత పద్ధతే నాకు చేతికి కుదిరింది.

ఫైలు బరువు తగ్గుతుంది కదా అని సింప్లిఫై జోలికి మాత్రం వెళ్లకండి. కంట్రోల్-ఎల్ నొక్కితే బిందువులు తగ్గుతాయి, నిజమే. ఒక్కో జిల్లాకూ ఒక్కో రకంగా తగ్గుతాయి. కష్టపడి కలిపిన సరిహద్దులు మళ్లీ ఎవరి దారిన వారు పోతాయి. బరువు తగ్గించాలంటే ప్రిఫరెన్సెస్‌లో ఎస్‌వీజీ అవుట్‌పుట్ పేజీకి వెళ్లి, అంకెల కచ్చితత్వాన్ని ఎనిమిది నుంచి తగ్గించడం మేలు. జిల్లా పటానికి దశాంశం తర్వాత అన్ని అంకెలతో పనేముంది?

ఈ సాఫ్ట్‌వేర్‌లో నాకు బొత్తిగా నచ్చనిది పేర్ల వ్యవహారం. లేయర్లు, వస్తువులు కనిపించే పలకలో ఒక జిల్లా మీద రెండుసార్లు నొక్కి ‘గద్వాల’ అని రాస్తాం. పేరు పెట్టేశామని ఎవరైనా అనుకుంటారు. నిజానికి అది లేబుల్ మాత్రమే, ఇంక్‌స్కేప్ తన సౌకర్యానికి రాసుకునే గుర్తు. నొక్కితే స్పందించేలా పేజీని నడిపించే కోడ్ జావాస్క్రిప్ట్ వెతికేది ఐడీని, అంటే కోడ్‌లో ఆ ఆకారానికి ఉండే గుర్తింపు పేరును. ఐడీ మాత్రం పాత్ 1234 లాంటి అర్థంలేని అంకెగానే ఉండిపోతుంది. ప్లెయిన్ ఎస్‌వీజీగా భద్రం చేస్తే ఆ లేబుల్ కూడా ఎగిరిపోతుంది. ఐడీ మార్చాలంటే కంట్రోల్-షిఫ్ట్-ఓ నొక్కి, ఆబ్జెక్ట్ ప్రాపర్టీస్ తెరిచి, అక్కడి గడిలో రాయాలి. 33 జిల్లాలకూ ఒక్కొక్కటిగా. అద్దె కట్టి వాడే అడోబీ ఇలస్ట్రేటర్ లేయరు పేరునే ఐడీగా పంపగలదు. ఈ ఒక్క విషయంలో దానికే నా ఓటు.

అయితే అదే ప్రాపర్టీస్ పెట్టెలో ఒక మంచి పని కూడా ఉంది. ఐడీ గడిలో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులే చెల్లుతాయి. దాని కింద టైటిల్ గడి ఉంటుంది. అక్కడ ‘జోగులాంబ గద్వాల’ అని తెలుగులో రాయవచ్చు. మౌసు పెట్టగానే బ్రౌజరు ఆ పేరును చిన్న చీటీలా చూపిస్తుంది. చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడరుకూ ఆ పేరు అందుతుంది. అంతకుమించి కోడ్ ఏమీ రాయనక్కర్లేదు. ఇంత చిన్న గడిని చాలామంది ఖాళీగా వదిలేస్తారు.

భద్రం చేసేటప్పుడు ఆప్టిమైజ్డ్ ఎస్‌వీజీ అనే రకం ఎంచుకుంటే ఒక పెట్టె తెరుచుకుంటుంది. అందులో రెండు చోట్ల ఆగి చూడాలి. ఒకటి, ఐడీల పేజీ. వాడకంలో లేని ఐడీలను తీసేయమనే గడి, కుదించమనే గడి ఉంటాయి. మన స్క్రిప్టు ఈ ఫైలుకు బయట ఉంటుంది కనుక సాఫ్ట్‌వేర్ దృష్టిలో మనం పెట్టిన ఐడీలన్నీ వాడకంలో లేనివే. ఆ గడుల్లో టిక్ ఉండకూడదు. రెండోది, సీఎస్‌ఎస్ (రంగులు, రూపం చెప్పే భాష) లక్షణాలను ఎక్స్‌ఎంఎల్ (ఎస్‌వీజీ ఫైలు రాసి ఉండే భాష) లక్షణాలుగా మార్చే గడి. దీనికి మాత్రం టిక్ ఉండి తీరాలి. ఇంక్‌స్కేప్ మామూలుగా ప్రతి ఆకారం లోపలే స్టైల్ అని రాసి రంగు నింపుతుంది. అలా లోపల రాసిన రంగు ముందు పేజీ సీఎస్‌ఎస్‌లో రాసిన రంగు చెల్లదు. మౌసు పెడితే జిల్లా ఎర్రబడాలని రాస్తాం, అది చలించదు. ఎక్స్‌ఎంఎల్ లక్షణంగా మారిన రంగుకు అన్నిటికంటే తక్కువ అధికారం. పేజీ చెప్పినట్టు వింటుంది.

పేజీలో ఎలా పెట్టాలన్నదీ ముఖ్యమే. పేజీ కోడ్‌లో బొమ్మలకు వాడే ఇమేజ్ ట్యాగులో పెడితే పటం కనిపిస్తుంది, అంతే. లోపలి జిల్లాలను పేజీ స్క్రిప్టు తాకలేదు, పేజీ సీఎస్‌ఎస్ వాటికి వర్తించదు. ఫైలును టెక్స్ట్ ఎడిటరులో తెరిచి, మొత్తం ఎస్‌వీజీని పేజీ కోడ్‌లోనే అతికించాలి. అందులోని ఎత్తు, వెడల్పు తీసేసి, పటం హద్దులు చెప్పే వ్యూబాక్స్ ఉంచితే తెర ఎంత ఉంటే పటం అంతకు సర్దుకుంటుంది. వ్యూబాక్స్ పటానికి సరిగ్గా సరిపోవాలంటే అంతకు ముందే ఇంక్‌స్కేప్‌లో కంట్రోల్-షిఫ్ట్-ఆర్ నొక్కి, కాగితాన్ని బొమ్మ కొలతకు కుదించాలి.

ఇక హైదరాబాద్. వైశాల్యంలో రాష్ట్రంలోకెల్లా చిన్న జిల్లా, 217 చదరపు కిలోమీటర్లు. భద్రాద్రి కొత్తగూడెం 7,483. పెద్ద తెర మీద ఇబ్బంది లేదు. ఫోనులో 360 పిక్సెళ్ల వెడల్పులో రాష్ట్రమంతా ఇమిడితే హైదరాబాద్ అటూ ఇటూగా పన్నెండు, పదమూడు పిక్సెళ్లు వస్తుంది. వెబ్ పేజీలు అందరికీ అందేలా ఉండాలని చెప్పే ప్రమాణం డబ్ల్యూసీఏజీ 2.2 ప్రకారం నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్లు ఉండాలి. చీరలు కొనేవాళ్లలో ఎక్కువమంది నొక్కబోయేది హైదరాబాద్‌నే, వేలు పడేది రంగారెడ్డి మీద! నేను చేసే ఉపాయం ఇది. హైదరాబాద్ మీద పెద్ద వృత్తం గీసి, దానికి నిండు రంగు పోసి, ఆ రంగు ఒపాసిటీని, అంటే చిక్కదనాన్ని, సున్నా చేస్తాను. కంటికి కనిపించదు, వేలికి దొరుకుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. రంగు ఒపాసిటీని సున్నా చేయడం వేరు, రంగే లేదనడం వేరు. ఫిల్ గడిలో ‘లేదు’ అనే అడ్డగుర్తు నొక్కితే వృత్తం ఖాళీ అవుతుంది, నొక్కు దాని గుండా కిందికి పోతుంది. ఒపాసిటీ సున్నాగా ఉన్న రంగు మాత్రం నొక్కును పట్టుకుంటుంది. ఈ తేడా ఎస్‌వీజీ ప్రమాణంలోదే, ఇంక్‌స్కేప్‌లో రెంటికీ వేరువేరు మీటలున్నాయి.

అలాగే, ఎస్‌వీజీలో కోడ్‌లో చివర ఉన్నదే పైన ఉంటుంది. మౌసు పెట్టిన జిల్లాకు మందపాటి అంచు వస్తే, పక్క జిల్లా దాని సగాన్ని కప్పేస్తుంది. ఆ క్షణంలో ఆ జిల్లాను స్క్రిప్టుతో వరుస చివరికి జరపాలి. జిల్లాను కాస్త పెద్దది చేసి చూపాలన్నా ఇలాంటి చిక్కే. సీఎస్‌ఎస్‌లో ట్రాన్స్‌ఫార్మ్-బాక్స్‌కు ఫిల్-బాక్స్ అని, ట్రాన్స్‌ఫార్మ్-ఆరిజిన్‌కు సెంటర్ అని రాయకపోతే జిల్లా ఉన్నచోటే ఉబ్బకుండా పటం మూల నుంచి కొలుచుకుని పక్కకు జారిపోతుంది.

తెలుగు అక్షరాల మాట చెప్పకుండా ఇంక్‌స్కేప్‌ను సిఫారసు చేయలేను. యూనికోడ్ తెలుగును ఇది చక్కగా చూపిస్తుంది. ఒత్తులు, గుణింతాలు సరైన చోటే పడతాయి. మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు ఏదైనా ఫరవాలేదు. కానీ మన డీటీపీ సెంటర్లలో పేరుకుపోయిన పాత ఫైళ్లన్నీ అను ఫాంట్లలో ఉంటాయి. కోరల్ ఫైళ్లను ఇంక్‌స్కేప్ తెరుస్తుంది, ఆ ఫాంటు లేనిచోట తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాల గజిబిజి కనిపిస్తుంది. తప్పు దీనిది కాదు. అను అక్షరాలు యూనికోడ్ కావు. ఆ పేర్లను మళ్లీ టైపు చేయడమో, మార్చిపెట్టే సాధనంతో మార్చుకోవడమో చేయాలి.

అక్షరాలను ఆకారాలుగా మార్చేస్తే ఏ కంప్యూటరులోనైనా ఒకేలా ఉంటాయి కదా అని కొందరు కంట్రోల్-షిఫ్ట్-సీ నొక్కేస్తారు. శుభలేఖకు అది సరే. వెబ్‌లో వద్దు. వెతికితే దొరకవు, స్క్రీన్ రీడరు చదవదు, ఎంచుకుని కాపీ చేయలేం. పటాన్ని పేజీలోనే అతికిస్తే పేజీకి ఇచ్చిన వెబ్ ఫాంటు పటంలోని పేర్లకూ వస్తుంది. పేర్ల పొడవు మాత్రం మనమే సర్దుకోవాలి. మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా ఎంత, ఆ పేరు ఎంత? కుమురం భీం ఆసిఫాబాద్‌కైతే చోటుంది, దీనికి లేదు. ఎస్‌వీజీలో మామూలు వచనం తనంతట తాను రెండో వరుసకు దిగదు. చిన్న జిల్లాల పేర్లను పటం బయట రాసి, గీతతో కలపడం ఉత్తమం.

లోపాలు ఇంకా ఉన్నాయి. స్క్రిప్టును ఇంక్‌స్కేప్ నడపదు. నొక్కితే ఏమవుతుందో చూడాలంటే బ్రౌజరుకు వెళ్లాల్సిందే. ఒక పక్క బ్రౌజరు, ఒక పక్క ఇంక్‌స్కేప్ తెరిచి పెట్టుకోవాలి. యానిమేషన్‌కు టైమ్‌లైన్ లేదు, ఫ్లాష్‌లో పనిచేసినవాళ్లకు ఇది కొరతగానే ఉంటుంది. బ్లర్ వంటి ఫిల్టర్లు నాలుగైదు పెడితే మామూలు ల్యాప్‌టాప్ ఆయాసపడుతుంది. ప్రెస్సు పనికి కావలసిన సీఎంవైకే రంగుల విషయంలో ఇది వెనకబడే ఉంది. ఫ్లెక్సీలు, శుభలేఖలు చేసేవాళ్లు కోరల్‌ను వదలాల్సిన పనిలేదు.

వెబ్‌లో నొక్కే పటానికైతే నేను ఐదుకు నాలుగు ఇస్తాను. ఆ ఒక్క మార్కు కోసింది ఐడీల దగ్గర. కోడ్ చూడనే చూడను, బొమ్మ మాత్రమే గీస్తాను అనేవాళ్లు దీన్ని ఎంచుకోకండి. కంట్రోల్-షిఫ్ట్-ఎక్స్ నొక్కితే గీతల వెనకున్న కోడ్ మొత్తం తెరుచుకునే ఎడిటరు ఒకటుంది. అక్కడ తిరగడానికి భయం లేనివాళ్లకు అద్దె కట్టే సాఫ్ట్‌వేర్ అవసరం ఈ పనికి లేదు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ దొరుకుతుంది. దించుకోగానే ముందు ప్రిఫరెన్సెస్‌లో ఆ అంకెల కచ్చితత్వాన్ని తగ్గించి, ఆ తర్వాత గీయడం మొదలుపెట్టండి.