జయాన్ నారోస్: ఏట్లో నడవాలంటే గది ఎక్కడ తీసుకోవాలి?

వేగాస్ నుంచి యూటాలోని జయాన్ నేషనల్ పార్కు కారులో మూడు గంటల లోపే. కాకపోతే యూటాలో గడియారం ఒక గంట ముందుంటుంది. ఆ సంగతి మాకు మర్నాడు పొద్దున గానీ తట్టలేదు. పైగా అద్దె తక్కువని 40 మైళ్ల అవతల సెయింట్ జార్జ్‌లో దిగాం. తీరా వచ్చేసరికి పార్కింగ్ నిండిపోయింది. గది అద్దెలో మిగిలిన డబ్బు పార్కు గేటు పక్కనున్న స్ప్రింగ్‌డేల్ ఊళ్లో కారు పెట్టడానికే అయిపోయింది.

లోపల షటిల్ బస్సు ఉచితం. చివరి స్టాప్ టెంపుల్ ఆఫ్ సినావావా. అక్కడ టాయిలెట్ పని చూసుకోండి, ముందుకెళ్తే ఉండవు. ఒక మైలు చదునైన బాట, ఆ తర్వాత వర్జిన్ నదే బాట. నారోస్ అనే ఇరుకు లోయ ఇదే.

ఇది వర్జిన్ నది ఉత్తర పాయ. దీనికి నీళ్లు వచ్చే దారి చిత్రంగా ఉంటుంది. పైన పీఠభూమి మీద నవాహో లేక్ నీళ్లు సున్నపురాయి బొరియల్లోకి ఇంకిపోయి, కాస్కేడ్ ఫాల్స్ దగ్గర కొండలోంచి బయటికి దూకి ఇందులో కలుస్తాయి. కింద చాలా దూరం పోయాక నది లేక్ మీడ్‌లో చేరుతుంది.

"ఈ పిల్లకాలువా ఇంత కొండని కోసింది?" అంది మా ఆవిడ. మామూలు రోజుల్లో కాదు, వరదొచ్చినప్పుడు. వాలు ఎక్కువ కాబట్టి ఇసుకా గుండ్లూ దొర్లుకుంటూ వచ్చి అడుగుని అరగదీస్తాయి. గోడ మీద బొటనవేలితో రుద్దితే ఎర్రటి ఇసుక రాలింది. దాదాపు 18 కోట్ల ఏళ్ల కిందటి ఎడారి దిబ్బలు ఇసుకరాయిగా గట్టిపడినవవి, 2,000 అడుగుల దాకా మందం. గాలి వాటిని పేర్చిన వాలు గీతలు ఇంకా కనిపిస్తాయి.

బస్సు తిరిగే చోట లోయ వెడల్పు. అక్కడ నది ఇసుకరాయిని దాటి, దాని కిందున్న కెయెంటా అనే మెత్తటి పొరలోకి దిగింది. అది కొట్టుకుపోతే పైరాయి ఆధారం పోయి కూలుతుంది. నారోస్‌లో నది ఇంకా గట్టి ఇసుకరాయిలోనే ఉంది, అందుకే సందు. వాల్ స్ట్రీట్ అనే చోట 20-30 అడుగులే వెడల్పు, ఆకాశం రిబ్బన్‌లా ఉంటుంది. ఎక్కడ చెమ్మ ఊరుతుందో అక్కడ గోడకి పచ్చగా ఫెర్న్ మొక్కలు.

అద్దె బూట్లు నాకు ఒక సైజు పెద్దవి ఇచ్చారు, మడమ ఒరుసుకుపోయింది. షాపులోనే నాలుగడుగులు నడిచి చూసుకోండి. కర్ర మాత్రం తప్పకుండా తీసుకోండి. నీటి అడుగున రాళ్లు బౌలింగ్ బంతుల్లా జారిపోతాయి. ఏటి నీళ్లు తాగొద్దు, 2020 నుంచి విషపు నాచు ఉందని పార్కువాళ్లే హెచ్చరిస్తున్నారు. ప్రవాహం సెకనుకి 150 ఘనపుటడుగులు దాటితే నారోస్ మూసేస్తారు, కాబట్టి బయల్దేరే ముందు వరద సూచన అడగండి.

పర్మిట్ లేకుండా బిగ్ స్ప్రింగ్ అనే ఊట దాకా పోవచ్చు. మేం ఆలస్యంగా మొదలెట్టి వాల్ స్ట్రీట్ దగ్గరే వెనక్కి తిరిగాం. ఈసారి స్ప్రింగ్‌డేల్‌లోనే గది, ఎంతైనా సరే.