బూటయ్యే ఐఎస్ఓలకు జోరిసో: ఏళ్ళ తరబడి వాడాక

గాజువాకలో ఒక కాలేజీ ల్యాబ్‌లు చూసుకుంటాను. సగం మెషీన్లు పాత బయాస్‌వి, సగం కొత్త తరహా యూఈఎఫ్ఐవి (రెండూ కంప్యూటర్ని బూట్ చేసే ఫర్మ్‌వేర్లే). అన్నిట్లోనూ ఒకేలా డెబియన్ లినక్స్ ఎక్కాలి, ఇన్‌స్టాలర్ అడిగే ప్రశ్నలకి జవాబులు ప్రీసీడ్ ఫైల్లో ముందే ఉండాలి, అదంతా ఒకే పెన్‌డ్రైవ్ నుంచి జరగాలి. అందుకే ఐఎస్ఓలని (డిస్కు మొత్తాన్నీ ఒకే ఫైలుగా పెట్టిన ఇమేజ్‌లని) కట్టే, మార్చే కమాండ్‌లైన్ టూల్ జోరిసోని (xorriso) పట్టుకున్నాను, ఇంకా వదల్లేదు.

ఐఎస్ఓలో ఫైళ్ళుంటే సరిపోదు, బూట్ సరంజామా విడిగా తగిలించాలి. డీవీడీ నుంచి లేవాలంటే 1995 నాటి ఎల్ టొరిటో పద్ధతిలో బయాస్‌కొక ఎంట్రీ, యూఈఎఫ్ఐకొకటి. పెన్‌డ్రైవ్ నుంచి లేవాలంటే ఫైలు మొదట్లోనే ఎంబీఆర్ అనే బూట్ సెక్టార్. ఐఎస్ఓని విప్పి, పాత టూల్ ఎంకేఐఎస్ఓఎఫ్ఎస్ తరహాలో మళ్ళీ కట్టేటప్పుడు ఇందులో ఒక్క ఆప్షన్ జారిపోయినా, డీవీడీలో బ్రహ్మాండంగా లేచే ఐఎస్ఓ పెన్‌డ్రైవ్‌లో నల్లతెర చూపిస్తుంది.

జోరిసోతో అసలు విప్పే పనే లేదు. పాత ఐఎస్ఓని ఇన్‌డెవ్‌గా, కొత్తదాన్ని అవుట్‌డెవ్‌గా ఇచ్చి, ప్రీసీడ్ ఫైలునీ, మార్చుకున్న గ్రబ్, ఐసోలినక్స్ బూట్ మెనూలనీ మ్యాప్‌తో లోపల పెట్టి, బూట్ ఇమేజ్‌కి ‘ఎనీ రీప్లే’ అంటే చాలు. పాతదాంట్లోని బూట్ ఏర్పాట్లు తనే చదువుకుని కొత్తదానికీ పెట్టేస్తుంది. ఈ ఒక్క ఆప్షన్‌కే జోరిసో రాసిన థామస్ ష్మిట్‌కి దండం పెట్టొచ్చు. ఫైళ్ళ చెక్‌సమ్‌లుండే ఎండీ5సమ్ లిస్టు మాత్రం అది ముట్టుకోదు, మార్చిన ఫైళ్ళకి మనమే సరిచేయాలి. లేదంటే మెనూలోని డిస్కు తనిఖీ ఫెయిలవుతుంది.

ఐఎస్ఓని విప్పాల్సొస్తే జోరిసోలోనే ఉన్న ఆసిరాక్స్ (ఫైళ్ళని బయటికి తీసే మోడ్) ఆన్ చేసి ఎక్స్‌ట్రాక్ట్ కొడితే సరి. రూట్ అక్కర్లేదు, మౌంట్ అక్కర్లేదు. కాకపోతే బయటికొచ్చిన ఫోల్డర్లు రీడ్-ఓన్లీగా ఉంటాయి. ‘ఇదేటి గురూ, నా ఫోల్డర్ నేను డిలీట్ చేసుకోలేనా?’ అని మా ల్యాబ్ అసిస్టెంట్ గింజుకున్నాడు. సీహెచ్‌మాడ్ కమాండ్‌తో రైట్ పర్మిషన్ ఇచ్చేదాకా ఎంత తిట్టినా చెరగవు.

మాన్యువల్ మాత్రం చాంతాడంత. ఆప్షన్లు రాసిన వరసలోనే నడుస్తాయి కాబట్టి పద్ధతి తప్పితే కుదరదు. నేనైతే పనిచేసిన లైనుని షెల్ స్క్రిప్టులో పెట్టేసుకుని మళ్ళీ ఆ జోలికి పోను.

ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే లైవ్ సిస్టమ్ లోపలి ప్యాకేజీలు మార్చాలంటే దీనొక్కదానితో కాదు. అవి స్క్వాష్‌ఎఫ్ఎస్ అనే కుదించిన ఫైల్లో ఉంటాయి. దాన్ని అన్‌స్క్వాష్‌ఎఫ్ఎస్‌తో విప్పి, మార్చి, తిరిగి కట్టాకే జోరిసో చేతికివ్వాలి.