హోటల్, టూరిజంలో పీజీ: ఎమ్మెస్సీనా, ఎంబీఏనా, ట్రైనీగా చేరడమా?

హోటల్, టూరిజం లైన్లో పీజీ చెయ్యాలనుకునేవాళ్ళకి ముఖ్యంగా మూడు దారులున్నాయి. ఒకటి, కొన్ని ఐహెచ్ఎంలలో (హోటల్ మేనేజ్‌మెంట్ చెప్పే ప్రత్యేక కాలేజీలు) నడిచే ఎమ్మెస్సీ హాస్పిటాలిటీ అడ్మినిస్ట్రేషన్. రెండోది టూరిజంలో ఎంబీఏ. మూడోది, కాలేజీ సంగతి పక్కనపెట్టి పెద్ద హోటల్ గ్రూపులో మేనేజ్‌మెంట్ ట్రైనీగా చేరడం. "ఏది మంచిది?" అని అడిగే ముందు మీ డిగ్రీ ఏమిటో చూసుకోవాలి. సగం జవాబు అక్కడే ఉంది.

బీఎస్సీ హోటల్ మేనేజ్‌మెంట్ చదివినవాళ్ళకి మూడు తలుపులూ తెరిచే ఉంటాయి. బీకాం, బీఏ, బీటెక్ వాళ్ళకి ఎమ్మెస్సీ దారి దాదాపు మూసుకున్నట్టే, ఎందుకంటే అది హోటల్ డిగ్రీ మీద కట్టిన కోర్సు. కిచెన్, సర్వీస్, హౌస్‌కీపింగ్, ఫ్రంట్ ఆఫీస్ నాలుగూ మీకు వచ్చనే లెక్కలో పాఠం మొదలవుతుంది. టూరిజం ఎంబీఏకి అలాంటి షరతు లేదు. కేంద్ర పర్యాటక శాఖ కింద పనిచేసే టూరిజం విద్యాసంస్థ ఐఐటీటీఎం ప్రధాన కేంద్రం గ్వాలియర్‌లో ఉంది, మనకు నెల్లూరులోనూ క్యాంపస్ ఉంది. అక్కడ ఏ డిగ్రీ వాళ్ళైనా దరఖాస్తు చేసుకోవచ్చు. డిగ్రీ పట్టా అమర్‌కంటక్‌లోని ఇందిరాగాంధీ జాతీయ గిరిజన విశ్వవిద్యాలయం పేరు మీద వస్తుంది. హైదరాబాద్‌లో ఉండి చదవాలనుకునేవాళ్ళు గచ్చిబౌలిలోని టూరిజం, హాస్పిటాలిటీ సంస్థ నిథమ్‌ని కూడా చూసుకోవచ్చు.

ఈ రెండు చదువుల్లో మీకు నప్పేది ఏదో తేల్చుకోవడానికి రెండు లెక్కలు చేసి చూడండి. బ్రోషర్లు చెప్పని తేడా అక్కడ బయటపడుతుంది.

మొదటిది హోటల్ లెక్క. 120 గదుల హోటల్లో ఒక రాత్రి 84 గదులు 5,000 చొప్పున అమ్ముడయ్యాయి. ఆక్యుపెన్సీ, అంటే నిండిన గదుల వాటా, 70 శాతం, గదుల ఆదాయం 4,20,000. మొత్తం గదులతో భాగిస్తే గదికి 3,500 వస్తుంది, దీన్నే రెవ్‌పార్ అంటారు. ఇప్పుడు రేటు 4,000కి దించితే 102 గదులు నిండాయనుకోండి. ఆక్యుపెన్సీ 85 శాతం అయింది, లాబీ కళకళలాడుతోంది. ఆదాయం మాత్రం 4,08,000కి, రెవ్‌పార్ 3,400కి పడిపోయాయి. పైగా అదనంగా నిండిన 18 గదులకు దుప్పట్లు ఉతకాలి, సబ్బులు పెట్టాలి, బ్రేక్‌ఫాస్ట్ వడ్డించాలి. ఒక రూమ్ అటెండెంట్ షిఫ్టులో 14 నుంచి 16 గదులు చేస్తాడు కాబట్టి ఇంకో మనిషినీ పిలవాలి. గదులు నిండినా డబ్బు పోయే ఈ చిక్కు మీకు ఆసక్తిగా అనిపిస్తే మీది హోటల్ వైపు.

రెండోది టూర్ లెక్క. వైజాగ్ నుంచి అరకు, రెండు రాత్రులు, 20 మంది. బస్సు, గైడు కలిపి 40,000 ఖర్చు. ఎంతమంది వచ్చినా ఇది తగ్గదు. తలకు అయ్యేవి: ఇద్దరికో గది, గది అద్దె రాత్రికి 3,000, అంటే రెండు రాత్రులకు ఒక్కొక్కరి వాటా 3,000, భోజనాలు 1,200, టికెట్లు 300. మొత్తం 4,500. ఇరవై మందీ వస్తే తలకు 6,500 పడుతుంది. మీరు 7,500కి అమ్మారు, 20,000 మిగులుతుంది. 14 మంది వస్తే చేతికి రెండు వేలు. 13 మందే వస్తే? పైకి వెయ్యి నష్టమే కనిపిస్తుంది. కానీ పదమూడోవాడికి జత లేదు, గది ఒక్కడికే ఇవ్వాలి, ఇంకో 3,000 మీద పడుతుంది. నష్టం 4,000. సింగిల్ సప్లిమెంట్, అంటే ఒంటరిగా గది తీసుకునేవాళ్ళు కట్టాల్సిన అదనపు మొత్తం, ముందే రాసుకోకపోతే జరిగేది ఇదే. డ్రైవర్ బత్తా మర్చిపోవడం దీనికి తమ్ముడు లాంటి తప్పు. ఇలాంటి ధరలు కట్టడం, అమడియస్, గెలీలియో లాంటి టికెటింగ్ వ్యవస్థలు, వీసా కాగితాలు, విదేశీ భాష, ఇవన్నీ టూరిజం ఎంబీఏలో మీ రోజువారీ పని.

ఎమ్మెస్సీ అసలు బలం బోధనలో ఉంది. ఐహెచ్ఎంలలో పాఠాలు చెప్పాలనుకుంటే హోటల్ మేనేజ్‌మెంట్ నేషనల్ కౌన్సిల్ పెట్టే టీచర్ల అర్హత పరీక్ష ఎన్‌హెచ్‌టెట్ రాయాలి, పరిశ్రమలో పనిచేసిన అనుభవమూ ఉండాలి. యూనివర్సిటీ టూరిజం విభాగాలకైతే యూజీసీ నెట్‌లో 'టూరిజం అడ్మినిస్ట్రేషన్ అండ్ మేనేజ్‌మెంట్' సబ్జెక్టు ఉంది, దానికి పీజీలో 55 శాతం కావాలి; రిజర్వుడు వర్గాలకు 50 శాతం చాలు. ఎమ్మెస్సీ చేస్తే హోటల్లో నేరుగా మేనేజర్ కుర్చీ ఇస్తారనుకుంటే మాత్రం నిరాశ తప్పదు. ఆ పట్టాతో వెళ్ళినా చాలా చోట్ల అసోసియేట్‌గానో సూపర్‌వైజర్‌గానో మొదలుపెట్టాల్సిందే.

ఆపరేషన్స్‌లోనే ఎదగాలని గట్టిగా అనుకునేవాళ్ళకి ట్రైనీ దారే మేలని మా అభిప్రాయం. ఒబెరాయ్ హోటల్ గ్రూపు సొంత శిక్షణ కేంద్రం ఓసీఎల్‌డీలో శిక్షణ రెండేళ్ళు, స్టైపెండ్ ఇస్తారు. తాజ్, ఐటీసీలకూ సొంత శిక్షణ కార్యక్రమాలున్నాయి. ఫీజు కట్టి చదివే బదులు డబ్బు తీసుకుంటూ నేర్చుకుంటారు, చివర్లో ఉద్యోగం అదే సంస్థలో. అయితే సీట్లు తక్కువ, వడపోత గట్టిగా ఉంటుంది, వయసు దాటితే తీసుకోరు. శిక్షణ మధ్యలో మానేస్తే బాండు షరతులు ఏమిటో సంతకానికి ముందే చదవాలి. పైగా వాళ్ళిచ్చే డిప్లొమా యూనివర్సిటీ డిగ్రీ కాదు. అయిదేళ్ళ తర్వాత నెట్ రాద్దామనో పీహెచ్‌డీ చేద్దామనో అనిపిస్తే అది అక్కరకు రాకపోవచ్చు.

బ్రేక్ షిఫ్ట్ సంగతి కూడా ముందే తెలుసుకోండి. పొద్దున వెళ్ళి మధ్యాహ్నం ఇంటికొచ్చి, సాయంత్రం మళ్ళీ వెళ్ళి రాత్రి పన్నెండింటికి దిగడం. పెళ్ళి ముహూర్తాల రోజుల్లో బాంక్వెట్ (విందు హాళ్ళ) వాళ్ళకి వారాంతపు సెలవు ఉండదు.

ఇప్పటికే ట్రావెల్ ఆఫీసులో పనిచేస్తున్నవాళ్ళు ఉద్యోగం వదిలి ఎంబీఏకి పోనక్కర్లేదు, ఇగ్నో దూరవిద్యలో టూరిజం పీజీ ఎంటీటీఎం చాలు. ప్రమోషన్‌కి పీజీ అడిగే చోట పనికొస్తుంది. క్యాంపస్ ప్లేస్‌మెంట్ ఆశించి మాత్రం చేరకండి. స్విట్జర్లాండ్ మాస్టర్స్ ఆలోచన ఉంటే లోన్ తీసుకునే ముందు ఒక్క ప్రశ్న తేల్చుకోండి: ఆ స్కూలు ఇచ్చే పట్టాతో మన దేశపు పౌరులకు చదువయ్యాక అక్కడ ఎన్ని నెలలు ఉండనిస్తారు? జవాబు ఏజెంటు మాటగా కాదు, రాయబార కార్యాలయం వెబ్‌సైట్‌లో చూడాలి.

'హోటల్ అండ్ టూరిజం' అని పేరు పెట్టి మామూలు ఎంబీఏ చెప్పే కాలేజీలు చాలానే ఉన్నాయి. సిలబస్ తెరిచి పేపర్లు లెక్కపెట్టండి. నాలుగు సెమిస్టర్లలో సగం కూడా ఈ రంగానివి కాకపోతే ఆ ఎంబీఏ ఇంకెక్కడైనా చెయ్యొచ్చు. ఇంటర్న్‌షిప్ ఎన్ని వారాలు, ఎన్ని డిపార్ట్‌మెంట్లలో అన్నది రాతపూర్వకంగా అడగండి, లేకపోతే ఆ వారాలన్నీ బాంక్వెట్‌లో ప్లేట్లు తుడవడంతోనే గడిచిపోవచ్చు. క్యాంపస్ చూడ్డానికి వెళ్ళినప్పుడు ల్యాబ్ తాళం తీయించి, హోటల్ సాఫ్ట్‌వేర్ ఒపెరా గానీ టికెటింగ్ అమడియస్ గానీ లాగిన్ చేసి చూపించమనండి. పోయినేడు లైసెన్స్ అయిపోయిందంటే మళ్ళీ ఎప్పుడు తీసుకుంటారో తేదీ అడగండి.